‘కల్కి’.. ఫోన్‌లో చూసినా నిలిచిందెవరు?

‘కల్కి 2898 ఏడీ’ని రెండుసార్లు చూశాను. 2024 జూన్ 27న విడుదలైన వారంలోనే, సెలవు రోజున క్యాంపు నుంచి నలుగురం టాక్సీ మాట్లాడుకుని వెళ్లి పెద్ద తెర మీద చూశాం. ఆగస్టులో ఓటీటీకి వచ్చాక రెండోసారి.. పై బంకు మీద పడుకుని, పక్కవాళ్ల నిద్ర చెడకుండా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఫోన్‌లో చూశాను. రెండూ ఒకే సినిమాలా అనిపించలేదు!

థియేటర్లో నోరు తెరుచుకుని చూసిన మాట నిజం. ఎండిపోయిన గంగ, దుమ్ము కొట్టుకుపోయిన కాశీ, దాని పైన తలకిందులుగా వేలాడే పిరమిడ్ లాంటి ‘కాంప్లెక్స్’. నీళ్లు, చెట్లు, తిండి అన్నీ పైవాళ్లకే. హీరో భైరవ (ప్రభాస్) నడిపే ‘బుజ్జి’ ఉత్త కంప్యూటర్ బొమ్మ కాదు. ఆరు టన్నుల బండిని నిజంగానే తయారుచేసి నడిపారు. మొదట్లో వచ్చే కురుక్షేత్రంలో అమితాబ్ బచ్చన్‌ను పడుచువాడిగా చూపించారు. టికెట్ డబ్బులు అక్కడికే గిట్టుబాటయ్యాయన్నాడు మా రూములోని జగిత్యాల తమ్ముడు. ‘‘రోజూ చూసేది ఇసుక, సిమెంటే కదన్నా. మూడు గంటలు వేరే లోకం చూపిస్తే తప్పేంది?’’ అని వాడి వాదన. తీసిపారేసే మాట కాదది.

కానీ ఫోన్‌లోకి వచ్చేసరికి కాంప్లెక్స్ కాస్తా అగ్గిపెట్టెంత అయింది. బుజ్జి పరుగులు ఈగ తిరిగినట్టున్నాయి. ఫైటింగులు జరిపేసి చూశాను. అశ్వత్థామ వచ్చిన చోట మాత్రం వేలు ఆగింది.

ఎందుకంటే ఆయన బాధేమిటో మనకు తెలుసు. ఉత్తర కడుపులోని బిడ్డ మీద అస్త్రం వేసిన పాపానికి కృష్ణుడి శాపం తగిలింది. చావు లేకుండా వేల ఏళ్లు పుండ్లతో తిరిగాడు. ఇప్పుడు మరో తల్లి కడుపులోని బిడ్డను కాపాడాలి. చేసిన తప్పూ, దిద్దుకునే దారీ రెండూ గర్భం దగ్గరే! ఆ ముసలి కళ్లలోని అలసట చూడ్డానికి ఆరంగుళాల తెర చాలు.

ఆ తల్లి సుమతి (దీపికా పదుకొణె). కాంప్లెక్స్‌లో ఆమెకు పేరు లేదు, ఎస్‌యూఎం-80 అనే నంబరే. బయటపడ్డాకే సుమతి అవుతుంది. బతాకా నంబరుతో బతికే మనకు ఆ ముక్క వేరే చెప్పాలా?

అసలు పేచీ భైరవతోనే. పది లక్షల యూనిట్లు కూడబెడితే కాంప్లెక్స్‌లోకి పోవచ్చు. అందుకోసం మనుషుల్ని పట్టిచ్చి డబ్బు తీసుకుంటాడు, ఇంటి ఓనరు బ్రహ్మానందానికి అద్దె ఎగ్గొడతాడు. మెరిసే ఊరిలోకి పోవడానికి పైసాపైసా లెక్కేసుకునేవాడి కథ మనకంటే ఎవరికి బాగా ఎక్కుతుంది? మనం కూడా ఏజెంటుకు కట్టే వచ్చాం. కానీ మనలో ఎవర్నడిగినా ఎందుకొచ్చాడో చెబుతాడు. చెల్లెలి పెళ్లి అంటాడొకడు, బోరు కోసం చేసిన అప్పు అంటాడింకొకడు. భైరవకు అలాంటిదేదీ? పైకి పోయి సుఖంగా ఉండాలంతే. కాశీలో వాడు వదిలి వెళ్లేవాళ్లెవరో తెలియనప్పుడు, వాడు వెళ్లినా మానినా మనకేం నొప్పి?

చివర్లో భైరవ కర్ణుడని చూపించారు కదా అంటారు. అశ్వత్థామా భారతంలోనివాడే కదా అని కూడా అనొచ్చు. నిజమే. కాకపోతే అశ్వత్థామ తప్పు సినిమా మొదట్లోనే చూపించి, దాన్ని దిద్దుకునే పని సినిమా పొడవునా చేయించారు. భైరవకు కర్ణుడి బరువు ఆఖరి నిమిషాల్లో అరువొచ్చింది. అప్పటిదాకా ప్రభాస్ హుషారే వాణ్ని మోసింది.

1991లోనే సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీశారు. అందులో టైమ్ మెషీన్ ఇప్పటి పిల్లలకు ఆటబొమ్మలా కనబడొచ్చు. అయినా అది ఎక్కినవాళ్ల భయం, బెంగ ఇప్పటికీ మనకు అంటుతాయి. దర్శకుడు నాగ్ అశ్విన్ ‘కల్కి’కి ఆ సింగీతం గారి సలహాలే తీసుకున్నారు. పాఠం సగమే విన్నారేమోనని నా అనుమానం.

రెండో భాగంలో దీపిక ఉండదని నిర్మాణ సంస్థ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. మా జగిత్యాల తమ్ముడు ఆ వార్త చదివి చాలాసేపు ఊరుకున్నాడు. గ్రాఫిక్స్ మొనగాడు కదా, బుజ్జి గురించి అడుగుతాడనుకున్నాను.

‘‘సుమతిగా ఇంకొకామె వస్తే మనం గుర్తుపడతమా అన్నా?’’ అన్నాడు.