కళ్లు షార్ప్‌గా ఉంటే చాలదు... మనిషి కనిపించాలి!

పోర్ట్రెయిట్‌ ఫొటోగ్రఫీలో టెక్నిక్‌ గెలుస్తుందా, మూడ్‌ గెలుస్తుందా? కెమెరాతో ఉపాధి వెతుక్కునేవారు ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది.

డిగ్రీ చేతికొచ్చింది. ఒకపక్క గ్రూప్స్‌, బ్యాంకు, రైల్వే నోటిఫికేషన్ల కోసం ఎదురుచూపు. ఈలోగా కెమెరా పట్టుకుంటే నాలుగు డబ్బులొస్తాయి కదా అన్న ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. మంచి ఆలోచనే. ఓ పది ఫొటోలు తీసుకుని శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ఒక స్టూడియోకి వెళ్లారనుకోండి. అన్నీ షార్ప్‌గా ఉన్నాయి, వెనక బ్యాక్‌గ్రౌండ్‌ చక్కగా బ్లర్‌ అయింది. యజమాని పదీ చూసి, ‘బాగున్నాయి బాబూ’ అని ఫోన్‌ తిరిగి ఇచ్చేస్తాడు. పని మాత్రం చెప్పడు. తప్పెక్కడుంది?

తప్పు లేకపోవడమే అక్కడ సమస్య. ఆ ఫొటోల్లో తప్పు లేదు, మనిషీ లేడు.

దరఖాస్తుకు పనికొచ్చే ఫొటో

టెక్నికల్‌ పర్‌ఫెక్షన్‌ అంటే ఏమిటో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈపాటికి ఎన్నో దరఖాస్తులకు ఫొటో అప్‌లోడ్‌ చేసుంటారు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌, ముఖం తిన్నగా, రెండు చెవుల పక్కా సమానమైన వెలుతురు, నీడ పడకూడదు, నవ్వకూడదు. పాస్‌పోర్టు ఫొటోకైతే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్దేశించిన ప్రమాణాలే ఉన్నాయి. ఆ ఫొటోని చూసేది యంత్రం. దానికి మీ మూడ్‌తో పనిలేదు.

అదే ఫొటో మీ అమ్మకి చూపించండి. ‘ఇదేట్రా, ఇలాగున్నావు?’ అంటుంది. ఆమె తప్పు పట్టింది ఫోకస్‌ని కాదు, ఆ ముఖంలో తన కొడుకు కనిపించకపోవడాన్ని. యంత్రం చూసే ఫొటో, మనిషి చూసే ఫొటో వేర్వేరు. మొదటిదానికి తప్పుల్లేకపోతే సరిపోతుంది. రెండోదానికి అది మొదటి మెట్టు మాత్రమే.

మన ఊళ్లలో ఫొటో విలువ

ఉత్తరాంధ్రలో ఈ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. ఇది వలసల ప్రాంతం. ఇంటికో మనిషి హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, గుజరాత్‌ తీరంలోని వెరావల్‌లోనో ఉంటాడు. 2018 నవంబరులో వెరావల్‌ నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్థాన్‌ అధికారులు పట్టుకున్నారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగొచ్చారు. ఏడాదికి పైగా ఇంట్లో మనిషి గొంతు వినపడని రోజులవి. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లు చూసుకోవడానికి ఏ ఫొటో ఉంటుంది? ఆధార్‌ కార్డు మీదిదా, అతను నవ్వుతున్నదా?

ఇంకొక సంగతి చెప్పడానికి కష్టంగా ఉన్నా, మీకు తెలిసిందే. మన ఊళ్లలో పెద్దవాళ్లు పోయాక దండ వెయ్యడానికి ఫొటో వెతుకుతారు. చాలాసార్లు రేషన్‌ కార్డులోదో, ఏదో పెళ్లిలో వెనక వరసలో నిలబడినదో దొరుకుతుంది. దాన్నే పెద్దది చేయించి, కోటు తొడిగించి, నీలం బ్యాక్‌గ్రౌండ్‌ పెట్టించి గోడకి తగిలిస్తారు. ఎనభై ఏళ్లు బతికిన మనిషికి తనలా కనిపించే ఫొటో ఒక్కటీ లేదు. పోర్ట్రెయిట్‌ ఫొటోగ్రాఫర్‌ పూరించాల్సిన ఖాళీ అదే.

చరిత్ర ఏం చెబుతోంది?

ఈ వాదన ఈనాటిది కాదు. 1815లో కోల్‌కతాలో పుట్టిన జూలియా మార్గరెట్‌ కామెరాన్‌కు 48 ఏళ్ల వయసులో, 1863లో కూతురూ అల్లుడూ ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఆమె తీసిన ముఖాల్లో ఫోకస్‌ మెత్తగా ఉండేది, ప్లేట్ల మీద గీతలు, వేలిముద్రలు కూడా ఉండేవి. అప్పటి ఫొటోగ్రఫీ పత్రికలు ఆమెను గట్టిగానే విమర్శించాయి. అయినా శాస్త్రవేత్త జాన్‌ హెర్షెల్‌, కవి టెన్నిసన్‌ ఎలా ఉండేవారో తెలుసుకోవడానికి ప్రపంచం నేటికీ ఆమె ఫొటోలే చూస్తోంది.

రెండో ఉదాహరణ డొరోథియా లాంగ్‌. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర కూలీల శిబిరంలో పిల్లలతో కూర్చున్న ఒక తల్లిని ఆమె తీసింది. దగ్గరికి జరుగుతూ కొన్ని ఫ్రేములే తీసింది. ‘మైగ్రెంట్‌ మదర్‌’గా పేరుపొందిన ఆ చిత్రంలో ఒక మూల గుడారపు కర్రను పట్టుకున్న బొటనవేలు పడింది. తర్వాత లాంగ్‌ దాన్ని నెగెటివ్‌లో చెరిపించింది. ఆ వేలు ఉన్న ప్రింట్లు కూడా ఇప్పటికీ ఉన్నాయి. వేలున్నా లేకున్నా ఆ తల్లి కళ్లలో దిగులు మారలేదు.

మూడోది యూసుఫ్‌ కార్ష్‌. 1941 డిసెంబరు 30న ఒట్టావాలో చర్చిల్‌ ప్రసంగం ముగించుకుని వచ్చేసరికే కార్ష్‌ లైట్లన్నీ సర్దిపెట్టుకున్నాడు. దొరికింది కొద్ది నిమిషాలు. నోట్లో చుట్ట తియ్యడానికి చర్చిల్‌ ఒప్పుకోకపోతే, దగ్గరికెళ్లి తానే లాగేశాడు. ఆ క్షణంలో వచ్చిన కోపపు చూపే ప్రపంచానికి తెలిసిన చర్చిల్‌ ముఖం. అసలు పాఠం చుట్ట లాగడంలో లేదు. లైటు, ఫోకస్‌, ఎక్స్‌పోజర్‌ ముందే సిద్ధంగా ఉండబట్టి ఆ చూపు దొరికింది. అప్పుడు మీటర్‌ చూసుకుంటూ కూర్చుంటే అది పోయేది.

మన దగ్గర చూస్తే, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ రాజా దీన్‌దయాళ్‌ టెక్నిక్‌లో దిట్ట. ఆయన 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపే బాధ్యత ఒక మహిళకే అప్పగించారు. పరదాలో ఉండే స్త్రీలు మగవాడి కెమెరా ముందుకు రారని ఆయనకు తెలుసు. ముఖంలో భావం కావాలంటే ముందు ఆ మనిషికి భయం పోవాలి. ఫొటోగ్రఫీలోకి రావాలనుకునే అమ్మాయిలు ఇది గుర్తుపెట్టుకోండి. సీమంతం, పసిపిల్లలు, పెళ్లికూతురి అలంకరణ లాంటి చోట్ల మహిళా ఫొటోగ్రాఫర్‌ ఉంటే వచ్చే చనువు వేరు.

ఏ తప్పు క్షమిస్తారు? ఏది క్షమించరు?

అలాగని ‘మూడ్‌ కోసం తీశానండీ’ అని వణికిన ఫొటో ఇస్తే ఎవరూ ఒప్పుకోరు. మన పెళ్లిళ్లలో చాలా ముహూర్తాలు అర్ధరాత్రో, తెల్లవారుజామునో ఉంటాయి. జీలకర్ర-బెల్లం, తాళి... దేనికీ రెండో టేక్‌ లేదు. బ్యాటరీ అయిపోవడం, ఒకే కార్డు మీద ఆధారపడి అది పాడవడం, తాళి కట్టే క్షణంలో ఫోకస్‌ వెనకున్న మనుషుల మీదకి పోవడం... ఇవి క్షమించరాని తప్పులు.

క్షమించేవీ ఉన్నాయి. తక్కువ వెలుతురులో ఐఎస్‌ఓ 3200, 6400 పెడితే ఫొటోలో కొంచెం నలకలు కనిపిస్తాయి. పర్వాలేదు. అప్పగింతల వేళ తండ్రి కళ్లు తుడుచుకుంటుంటే చెయ్యి కాస్త కదిలినట్టు పడింది. పర్వాలేదు. కానీ నలకలు రాకూడదని ముఖం మీదికి నేరుగా ఫ్లాష్‌ కొట్టారనుకోండి, ఏడుస్తున్న మనిషి ఉలిక్కిపడతాడు. ఫొటో క్లీన్‌గా వస్తుంది, అప్పగింతలు మాత్రం అందులో ఉండవు.

అన్నిటికన్నా పెద్ద తప్పు రంగు మార్చడం. ఎడిటింగ్‌లో అందరి ముఖాలూ తెల్లగా, నున్నగా చేసెయ్యడం అలవాటైపోయింది. కళింగపట్నంలో ఎండకీ ఉప్పుగాలికీ రాటుదేలిన ముఖాన్ని పాలరాయిలా చేస్తే ఆ మనిషి బతుకే అందులోంచి తీసేసినట్టు. మొటిమ తీసెయ్యండి, అది వారంలో పోయేదే. ముడత తియ్యకండి, అది ఏళ్లు పట్టి వచ్చింది.

మూడ్‌ ఎలా వస్తుంది?

‘నవ్వండి’ అంటే రాదు. ఈ నాలుగూ ప్రయత్నించండి.

చేతికి పని ఇవ్వండి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకే అవ్వని ఊరికే నిలబెడితే బిగుసుకుపోతుంది. ‘నన్నేటి తీత్తావు బాబూ’ అని కొంగు సర్దుకుంటుంది. ఆమె పనిలో ఉండగా పక్కన కూర్చుని ఆ పని గురించే అడగండి. పది నిమిషాలకి కెమెరా సంగతి మర్చిపోతుంది. బొబ్బిలి వీణ చెక్కే కళాకారుడైనా, పలాసలో జీడిపప్పు వలిచే మహిళైనా అంతే.

క్లిక్‌ తర్వాత ఆగండి. షట్టర్‌ చప్పుడు వినగానే ‘అయిపోయింది’ అనుకుని ఎవరైనా ఊపిరి వదులుతారు. అసలు ముఖం అప్పుడే బయటికొస్తుంది. కెమెరా దించకుండా రెండో ఫ్రేమ్‌ తియ్యండి.

వెలుతురుని వెతకండి. మన తీరంలో మిట్టమధ్యాహ్నపు ఎండ కళ్ల కింద నల్లటి నీడలు వేస్తుంది. అరుగు మీద, గుమ్మం పక్కన, కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. ఖర్చు లేని సాఫ్ట్‌బాక్స్‌ అదే. 50 ఎంఎం, ఎఫ్‌/1.8 లెన్స్‌ ఒకటి ఉంటే మొదలుపెట్టడానికి చాలు.

సెట్టింగ్స్‌ని చేతికి వదిలెయ్యండి. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో చింతమాను చివర కూర్చున్న పూజారి మూడుసార్లు చదురుగుడి నుంచి కోట దాకా వెళ్లొస్తాడు. సాయంత్రం కావడంతో వెలుతురు నిమిషానికోలా మారుతుంది. సిరిమాను వైపు అందరూ కెమెరా ఎత్తుతారు. మీరు వెనక్కి తిరిగి, దణ్ణం పెడుతున్న ముఖాల్ని చూడండి. ఆ ముఖం దొరికే క్షణంలో మీ వేళ్లు డయల్‌ని చూడకుండానే తిప్పాలి. టెక్నిక్‌ నేర్చుకునేది ఇందుకే. దాన్ని మర్చిపోగలిగేంత సాధన చేస్తే మీ దృష్టంతా ముఖం మీదే ఉంటుంది.

అడక్కుండా తియ్యొద్దు

సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సవర గూడేలకు వెళ్లి ముఖాలు తీసుకొచ్చే ఔత్సాహికులు ఎక్కువయ్యారు. ముందు అడగండి. తీశాక ప్రింటు పంపండి. ‘మైగ్రెంట్‌ మదర్‌’లోని ఫ్లోరెన్స్‌ ఓవెన్స్‌ థాంప్సన్‌ పేరు 1978 దాకా లోకానికి తెలియదు. ఆ ఫొటో వల్ల తనకు పైసా రాలేదని ఆమె బాధపడింది. ఎంత గొప్ప ఫొటో అయినా అందులోని మనిషికి దానివల్ల ఏం మిగిలిందన్న ప్రశ్న ఉంటుంది.

ఎక్కడ నేర్చుకోవాలి?

తక్కువ సమయంలో, ఖర్చు లేకుండా నేర్చుకోవాలంటే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి. వీటినే ఆర్‌సెటీలంటారు. గ్రామీణ యువతకు ఉచితంగా ఇచ్చే శిక్షణల్లో 30 రోజుల ఫొటోగ్రఫీ-వీడియోగ్రఫీ కోర్సు కూడా ఉంది. బ్యాచ్‌ ఎప్పుడో మీ జిల్లా కేంద్రంలో కనుక్కోండి. సొంతంగా పెట్టుకోవాలంటే ముద్రా పథకంలో ‘శిశు’ కేటగిరీ కింద రూ.50 వేల వరకు, ‘కిశోర్‌’ కింద రూ.5 లక్షల వరకు రుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

డిగ్రీ స్థాయిలో చదవాలంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్‌ నెహ్రూ ఆర్కిటెక్చర్‌ అండ్‌ ఫైన్‌ ఆర్ట్స్‌ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది. డిగ్రీ పూర్తయినవారు నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌ గాంధీనగర్‌ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎండిజైన్‌కు ప్రయత్నించొచ్చు. ప్రవేశం డిజైన్‌ ఆప్టిట్యూడ్‌ టెస్ట్‌ ద్వారా ఉంటుంది. అర్హతలు, తేదీలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

పోర్ట్‌ఫోలియో ఇలా...

ఇప్పుడు ఫోనే కంటిని వెతికి ఫోకస్‌ చేస్తోంది, వెలుతురు సరిచేస్తోంది. ఏఐ అయితే లేని మనిషికి కూడా మచ్చలేని ముఖం గీసిస్తోంది. అంటే తప్పుల్లేని ఫొటో చౌకైపోయింది. ఆ చోట ఉండటం, ఆ మనిషితో మాట్లాడటం, సరైన క్షణం కోసం ఆగడం మాత్రం ఏ యాప్‌కీ రాదు. మీకు జీతమిచ్చేది దానికే.

కాబట్టి పోర్ట్‌ఫోలియోలో యాభై ఫొటోలు వద్దు, పన్నెండు చాలు. రెండు, మూడు నియమాలన్నీ పాటించిన స్టూడియో ఫొటోలు పెట్టండి, మీకు పని వచ్చని తెలియాలి. మిగతావన్నీ మీరు మాట్లాడిన మనుషులవి. ప్రతి ఫొటో కింద ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారన్నది ఒక వాక్యంలో రాయండి. స్టూడియో యజమాని ఏదో ఒక ఫొటో దగ్గర ఆగి ‘ఎవరీవిడ?’ అని అడిగితే, మీకు పని వచ్చే అవకాశం మొదలైనట్టే.

మొదటి ఫొటో కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఈ ఆదివారం మీ తాతయ్యనో, నానమ్మనో గుమ్మం పక్కన కూర్చోబెట్టండి. వాళ్ల చిన్నప్పటి ఊరి గురించి అడగండి. ఒక అరగంట వినండి, మధ్యలో తియ్యండి. బాగా వచ్చినదాన్ని ఫోన్‌లో వదిలెయ్యకుండా ప్రింట్‌ చేయించి వాళ్ల చేతికే ఇవ్వండి.