వార్తల్లో పదం: ప్రవేశాధికారము

అద్దె యింటి స్వామ్యము యజమానిదే యైనను, ఒప్పందము నడచునంతకాలము అందలి యేకాంతవాసము కిరాయిదారునిది. కావున ఆ యింటిని పరిశీలించుటకు యజమానికి గల హద్దులతో గూడిన హక్కునే ప్రవేశాధికారమందురు.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గ మామోదించిన మాదిరి అద్దె చట్టములోని 17వ సెక్షను ప్రకారము, మరమ్మతులకో, ఇల్లు నివాసయోగ్యముగా నున్నదో లేదో చూచుటకో, ఒప్పందమున వ్రాసికొన్న మరియొక సహేతుక కారణముచేతనో లోనికి రాదలచిన యజమాని, కారణమును, తేదీని, వేళను తెలుపుచు కనీసము 24 గంటలు ముందుగా, కాగితముపై గాని ఎలక్ట్రానిక్ మాధ్యమమున గాని, నోటీసు నీయవలయును. సూర్యోదయమునకు పూర్వమును, సూర్యాస్తమయానంతరమును ప్రవేశము నిషిద్ధము. అగ్నిప్రమాదము, వరద, తుపాను, భూకంపము, యుద్ధము వంటి విపత్తులలో మాత్రము నోటీసు అక్కరలేదు.

ఇది మాదిరి చట్టమే గావున, రాష్ట్రములు శాసనముగా చేసికొన్నప్పుడే అమలులోనికి వచ్చును.

మారు తాళముచెవి తన యొద్ద నున్నదని, వంటయింట అన్నము వార్చుచున్న యిల్లాలి యెదుట చెప్పాపెట్టకుండ నిలుచుట యజమానికి న్యాయము గాదు. పైకప్పు చెమ్మగిల్లుచున్నదని తెలిపి వచ్చినవానికి తలుపు తీయకుండుట కిరాయిదారునకును ధర్మము గాదు. ఈ నియమమును అద్దె పత్రమున ముందే వ్రాయించుకొనుట ఉభయులకు శ్రేయస్కరము.