వైరస్‌నే పట్టుకునే పరీక్ష

1975లో రెండు సంగతులు బయటికొచ్చాయి. అమెరికాలో హార్వీ ఆల్టర్ బృందం, రక్తం ఎక్కించుకున్నవాళ్లలో చాలామందికి వస్తున్న కాలేయ వ్యాధికి హెపటైటిస్-ఎ కారణం కాదు, బి కూడా కాదు అని తేల్చింది. అదే ఏడాది కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారు చేసే దారి కనిపెట్టారు. ఈ రెండూ ఒకచోట కలవడానికి ఇరవై ఏళ్లు దాటింది.

ముందు ఆ జబ్బు తెచ్చే వైరస్ దొరకాలి కదా! 1989లో కాలిఫోర్నియాలోని కైరాన్ సంస్థలో మైకేల్ హౌటన్, క్వి-లిమ్ చూ, జార్జ్ కువో దాని జన్యుపదార్థంలో ఒక ముక్కను పట్టారు. అదే హెపటైటిస్-సి వైరస్. మరుసటి ఏడాదికే రక్తదాతలను పరీక్షించడం మొదలైంది. ఆ పరీక్ష ఎన్ని ప్రాణాలు కాపాడిందో చెప్పలేం. కానీ అది వెతికేది వైరస్‌ని కాదు, వైరస్ సోకాక మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలని. అవి పుట్టడానికి వారాలు పడుతుంది. పైగా, గాయం మానినా మచ్చ ఉండిపోయినట్టు, వైరస్ పోయినా అవి ఉంటాయి. ‘పాజిటివ్’ అన్న కాగితం చేతికొచ్చిన మనిషికి జబ్బు ఇప్పుడు ఉందో లేదో దాన్నిబట్టి తెలియదు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చెబుతుంది గానీ దానికి ఖర్చూ ఎక్కువే, తగిన ల్యాబూ ఉండాలి.

వైరస్‌నే నేరుగా పట్టుకోవడానికి కోలర్, మిల్‌స్టీన్‌ల పద్ధతి అక్కరకొచ్చింది. వైరస్ లోపల ‘కోర్’ అనే ప్రొటీన్ ఉంటుంది. పైతొడుగు ప్రొటీన్లు తరచూ మారిపోతుంటాయి, ఇది అంతగా మారదు. ల్యాబులో చేసిన కోర్ ప్రొటీన్‌ని ఎలుకకి ఎక్కిస్తారు. దాని ప్లీహంలో యాంటీబాడీలు చేసే కణాలు బయట ఎక్కువ రోజులు బతకవు. అందుకని వాటిని ఆగకుండా పెరిగే మైలోమా క్యాన్సర్ కణాలతో కలుపుతారు. అలా కలిసిన కణాలే బతికే ద్రావణంలో వాటిని పెంచి, పనికొచ్చే యాంటీబాడీ చేసేదాన్ని ఏరి, ఆ ఒక్క కణం సంతతినే వృద్ధి చేస్తారు. అవన్నీ ఒకే యాంటీబాడీని చేస్తాయి. అదే మోనోక్లోనల్.

అసలు చిక్కు ఆ తర్వాతే. రోగి రక్తంలో కోర్ ప్రొటీన్ అతి తక్కువ. అది పైతొడుగు లోపల దాగి ఉంటుంది. బయటపడినా రోగి సొంత యాంటీబాడీలు దాన్ని కప్పేస్తాయి, ఇక మనం వేసే యాంటీబాడీకి చోటుండదు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు దీనికి చక్కటి ఉపాయం ప్రచురించారు. నమూనాకి ముందే డిటర్జెంట్లు కలిపి వేడి చేస్తే వైరస్ పగిలి కోర్ బయటికొస్తుంది, రోగి యాంటీబాడీలు కూడా పనిచెయ్యకుండా పోతాయి. అప్పుడు ఒక మోనోక్లోనల్ కోర్‌ని పట్టి ఉంచుతుంది, ఎంజైమ్ తగిలించిన ఇంకొకటి దాని మీద కూర్చుని సంకేతమిస్తుంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది నమూనాని ముందే సిద్ధం చేసే ఈ మెట్టే. ఎంత మంచి యాంటీబాడీ అయినా అది లేకుండా గుడ్డిదే.

తర్వాత వచ్చిన యంత్రాలు ఇదంతా వాటంతటవే చేసేస్తున్నాయి. వైరస్ మరీ తక్కువగా ఉన్న కొద్దిమందిని ఈ పరీక్ష పట్టలేదు, ఆర్‌ఎన్‌ఏ పరీక్షంత సున్నితం కాదు. అయినా 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యాంటీబాడీ పాజిటివ్ వచ్చినవాళ్లలో వైరస్ ఇప్పుడు ఉందని నిర్ధారించడానికి, తగినంత సున్నితత్వం ఉన్న కోర్ పరీక్షనూ వాడొచ్చని చెప్పింది. మందులు వాడాక నయమైందా అని చూడటానికి మాత్రం ఆర్‌ఎన్‌ఏ పరీక్షనే చేయమంది.