అసలు విద్య ఏరివేతలోనే

ఒకే కణం సంతతి తయారుచేసే మోనోక్లోనల్ యాంటీబాడీల ప్రస్తావన వస్తే చాలామంది కణాల కలయిక గురించే చెబుతారు. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ చిట్టెలుక ప్లీహంలోని బి-కణాలను, ఆగకుండా పెరిగే మైలోమా క్యాన్సర్ కణాలతో కలిపి హైబ్రిడోమాలను పుట్టించారు. 1984లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అయితే కణాలను కలపడం అప్పటికి పదేళ్ల ముందు నుంచీ తెలిసినదే. ఈ పద్ధతికి ప్రాణం కలిపాక జరిగే ఏరివేత అని నా వాదన. ఎలుక ఒంట్లో ఉండే బి-కణాలు ఎన్నో రకాలు; ఒక్కొక్కటి ఒకే రకం యాంటీబాడీని తయారుచేస్తుంది. మనకు కావలసిన దాన్ని చేసే కణాన్ని ఆ గుంపులోంచి పట్టుకోవాలి.

కలిపిన కణాలను ముందుగా హ్యాట్ అనే పోషక ద్రవంలో పెంచుతారు. అందులోని అమైనోప్టెరిన్ డీఎన్ఏ తయారీకి ఉన్న ప్రధాన మార్గాన్ని మూసేస్తుంది. పక్కదారిన వెళ్లాలంటే హెచ్‌జీపీఆర్‌టీ అనే ఎంజైమ్ ఉండాలి. అది లోపించిన మైలోమా కణాలనే ఎంచి తెస్తారు కాబట్టి, బి-కణంతో కలవనివన్నీ చచ్చిపోతాయి. ఒంటరి బి-కణాలకు ఎంజైమ్ ఉన్నా, గాజుపాత్రలో ఎక్కువ రోజులు బతకవు. రెండు గుణాలూ అందుకున్న హైబ్రిడోమాలే మిగులుతాయి. ఎవరూ ఒక్కో కణాన్నీ పరీక్షించకుండానే పనికిరానివి తొలగిపోవడం ఎంత అందమైన ఏర్పాటో! ఆ తర్వాత మిగిలిన వాటిని బాగా పలచన చేసి, 96 గుంటల ప్లాస్టిక్ పలకలో గుంటకు ఒక కణానికి మించి పడకుండా పోస్తారు. కణం పెరిగి గుంపయ్యాక పైద్రవాన్ని తీసి, యాంటిజెన్ (యాంటీబాడీ అంటుకోవలసిన పదార్థం) పూసిన మరో పలకలో ఎలీసా పరీక్ష చేస్తారు. రంగు తేలితే కావలసిన యాంటీబాడీ ఉన్నట్టే; ఆ ద్రవం వచ్చిన గుంటలోని కణాలను మళ్లీ పలచన చేసి మళ్లీ పరీక్షిస్తారు.

ఇప్పుడు ఎలుకలు లేకుండానే ఫేజ్ డిస్‌ప్లేతో పని జరుగుతోంది కదా, ఇదంతా పాతబడలేదా అని అడగవచ్చు. పాతబడింది కలయిక మాత్రమే. ఫేజ్ పద్ధతిలో కోట్ల కొద్దీ యాంటీబాడీ ముక్కలను మోస్తున్న వైరస్‌లను లక్ష్యం మీద పోసి, అంటుకోనివాటిని కడిగేస్తారు. అంటుకున్నవాటిని పెంచి మళ్లీ పోస్తారు. అదీ ఏరివేతే. మందు తయారీ కోసం, ఎంపికైన యాంటీబాడీ జన్యువును చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో పెట్టాక, ఎక్కువగా, నిలకడగా ఉత్పత్తి చేసే ఒక్క కణం కోసం మరోసారి వెతుకుతారు. దాని సంతతినే ద్రవ నైట్రోజన్‌లో భద్రపరచి, వేల లీటర్ల ట్యాంకుల్లో పెంచుతారు.

కణం దొరికాక మిగతాది యాంత్రికమేగా, మరి ఈ యాంటీబాడీ మందులకు అంత ధర ఎందుకన్నది ఇంకా బలమైన ప్రశ్న. పేటెంట్ల వాటాను నేను కాదనను. కానీ పేటెంట్ పోయినా చిక్కు తీరదు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుకు తన రూపాన్ని రెడిటక్స్ పేరుతో తెచ్చింది. ఇలాంటి మందు చేసేవారికి యాంటీబాడీ నిర్మాణం తెలుసు. మొదటి కంపెనీ దాచుకున్న కణం మాత్రం చేతికి రాదు. సొంత కణాన్ని ఏరుకోవలసిందే. కణం మారితే, పెంచే తీరు మారితే, యాంటీబాడీకి అతుక్కునే చక్కెర గొలుసులు మారతాయి, పనితీరూ మారవచ్చు. అందుకే పారాసిటమాల్ జెనరిక్‌కు వచ్చినంత తేలిగ్గా అనుమతి రాదు. కొత్తది పాతదానికి దగ్గరగానే ఉందని ముందు ప్రయోగశాలలో, ఆ పైన సాధారణంగా మనుషుల్లో కూడా చూపించాలి.