ముందు ప్రైవేటులో చేయించుకుంటే ప్రభుత్వ సంతాన చికిత్స దొరకదా?



దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల వెంట వెళ్తుంటే ఫెర్టిలిటీ సెంటర్ల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ఆ మెట్లెక్కే దంపతుల్లో ఆటో నడిపేవారు, కుట్టుపని చేసుకునేవారు, దుకాణాల్లో గుమాస్తాలు కూడా ఉంటారు. నగలు కుదువపెట్టి, బంధువుల దగ్గర చేబదుళ్లు తీసుకుని, అవీ చాలనప్పుడు మసీదు కమిటీలను, సొసైటీలను ఆశ్రయిస్తారు.

అటువంటి దరఖాస్తు వచ్చినప్పుడు దాతల మనసులో రెండు ప్రశ్నలు మెదలడం సహజం. గాంధీ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తున్నప్పుడు అక్కడికెందుకు వెళ్లలేదు? ఇప్పటికే ప్రైవేటులో చేయించుకున్నవారిని ప్రభుత్వ ఆసుపత్రి చేర్చుకుంటుందా? వీటికి జవాబు తెలిస్తే మనమిచ్చే రూపాయి ఎక్కడ ఎక్కువ ఉపయోగపడుతుందో కూడా తెలుస్తుంది.

ఉచితం ఎక్కడ ఉంది?

తెలంగాణలో ప్రభుత్వ రంగంలో మొదటి ఐవీఎఫ్ కేంద్రం 2023 అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రారంభమైంది. మన ప్రాంతం నుంచి చేరుకోవడం కష్టమేమీ కాదు. ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో జూబ్లీ బస్‌స్టేషన్ వైపు వెళ్లే రైలు మారితే గాంధీ హాస్పిటల్ పేరుతోనే స్టేషన్ ఉంది.

ఆరోగ్య బీమా పథకాల సంగతి వేరు. కేంద్రప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకం మినహాయింపుల జాబితాలో సంతాన సాఫల్య చికిత్సలు ఉన్నాయి. చాలా ప్రైవేటు బీమా పాలసీల్లోనూ అంతే. అందుకే చేతిలో కార్డు ఉంది కదా అన్న ధైర్యంతో ప్రైవేటు కేంద్రంలో చేరిన కుటుంబం, బిల్లు కట్టే రోజున దిక్కుతోచక నిలబడుతుంది. మందులతో కలిపి ఒక్కో విడతకు లక్షల్లోనే ఖర్చు. ఒక్క విడతతో ఫలితం దక్కేవారికంటే దక్కనివారే ఎక్కువ.

చట్టం ఏమంటోంది?

2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. చికిత్స పొందే స్త్రీకి 21 దాటి 50 లోపు, పురుషుడికి 21 దాటి 55 లోపు వయసు ఉండాలని అది చెబుతుంది. ప్రైవేటులో చికిత్స పొందినవారు ప్రభుత్వ చికిత్సకు అనర్హులు అన్న నిబంధన ఆ చట్టంలో లేదు. ఒకటి రెండు విడతలు విఫలమై చేతులు ఖాళీ అయిన దంపతులు గాంధీ ఆసుపత్రికి వెళ్లడానికి జంకనక్కరలేదు.

కేంద్రప్రభుత్వ ఉద్యోగులకూ పెన్షనర్లకూ వర్తించే సీజీహెచ్‌ఎస్‌లో పరిస్థితి కాస్త భిన్నం. 2011లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఐవీఎఫ్ ఖర్చును తిరిగి చెల్లిస్తారు. కానీ షరతులున్నాయి. భార్య వయసు 21-39 మధ్య ఉండాలి. బతికున్న సంతానం ఉండకూడదు. గరిష్ఠంగా మూడు విడతలు. ఆ ఉత్తర్వులో ఒక్కో విడతకు పెట్టిన పరిమితి 65,000 రూపాయలు. మామూలు చికిత్సలు ఫలించలేదనడానికి కాగితాలు చూపాలి. ప్రభుత్వ వైద్య కళాశాల సలహా మీదే అనుమతి ఇస్తారు. అంటే ఇక్కడ అంతకుముందు చేయించుకున్న వైద్యం అడ్డు కాదు, అదే సాక్ష్యం. అయితే అనుమతి అడగకుండా ముందే ఐవీఎఫ్ చేయించుకుని, ఆ తర్వాత బిల్లు పెట్టుకుంటే చిక్కే. రైలు, తపాలా, రక్షణ శాఖల్లో పనిచేసే బంధువులున్నవారు తమ తమ శాఖలో నియమం ఏమిటో ముందుగా కనుక్కోవాలి.

ఇంగ్లండ్‌లో మరో తీరు

లండన్, బర్మింగ్‌హామ్‌లలో పిల్లలున్న దాతలు మనలో ఉన్నారు. "అక్కడ అంతా ఉచితమే కదా" అనుకుంటాం. అక్కడి వైద్య మార్గదర్శక సంస్థ 2013లో ఇచ్చిన సూచనల ప్రకారం 40 ఏళ్లలోపు స్త్రీకి మూడు పూర్తి విడతలు ఇవ్వాలి. కానీ సొంత డబ్బుతో చేయించుకున్న విడత కూడా ఆ మూడింటి లెక్కలోకి వస్తుంది. 40 నుంచి 42 ఏళ్ల మధ్యవారికి ఒకే ఒక్క విడత, అదీ అంతకుముందు ఎన్నడూ ఐవీఎఫ్ చేయించుకోనివారికే. పైగా ఆ సూచనలను ఎంతవరకు పాటించాలో ఒక్కో ప్రాంతపు ఆరోగ్య మండలి విడిగా నిర్ణయించుకుంటుంది. అక్కడున్న మన పిల్లలు ఇండియా వచ్చి చేయించుకుని వెళ్లినా, ఆ విడత సంగతి అక్కడ చెప్పవలసే ఉంటుంది. కాబట్టి టికెట్టు కొనేముందే తమ డాక్టరును అడిగి రావడం మంచిది.

ప్రైవేటు చికిత్స నిజంగా అడ్డు వచ్చేది ఎక్కడ?

మన దగ్గర తలుపు మూసేది నియమం కాదు. మూడు ఇతర కారణాలు.

మొదటిది వయసు. 35 దాటాక స్త్రీలో అండాల సంఖ్య, నాణ్యత త్వరగా తగ్గుతాయి. ఒక సెంటర్ నుంచి మరో సెంటర్‌కు తిరుగుతూ నాలుగేళ్లు గడిచాక ప్రభుత్వ ఆసుపత్రికి వస్తే, అక్కడ అర్హత ఉన్నా ఫలించే అవకాశం సన్నగిల్లుతుంది.

రెండోది భద్రపరచిన పిండాలు. అండాల అమ్మకాన్నీ పిండాల అమ్మకాన్నీ, బదిలీనీ చట్టం నిషేధించింది. దంపతులు తమ పిండాలను తమ కోసమే తరలించుకోవడానికి మినహాయింపు ఇచ్చినా, దానికి జాతీయ బోర్డు అనుమతిని ముడిపెట్టింది. ఒకచోట దాచిన పిండాలను ఇంకోచోటికి మార్చడం మందుల సంచి మార్చినంత తేలిక కాదు. కొత్త చోట మళ్లీ సూదులతోనే మొదలుపెట్టవలసి రావచ్చు.

మూడోది కాగితాలు. ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారు, ఎన్ని అండాలు వచ్చాయి, ఎన్ని పిండాలు తయారయ్యాయి, ఎందుకు నిలవలేదు అన్నది తెలియకపోతే కొత్త డాక్టరు మొదటికొచ్చి అన్ని పరీక్షలూ రాస్తారు. చేసిన చికిత్స వివరాలతో డిశ్చార్జి సర్టిఫికెట్ ఇవ్వడం క్లినిక్ బాధ్యత అని చట్టమే చెప్పింది. అది దంపతులు అడిగి తీసుకోవలసిన హక్కు. బిల్లు రశీదు దానికి సమానం కాదు.

దాతలు ఏం చేయవచ్చు?

ఒక కుటుంబానికి ఒక విడత ఐవీఎఫ్‌కు ఇచ్చే మొత్తంతో చాలా కుటుంబాలకు మొదటి పరీక్షలు చేయించవచ్చు. ఆ పరీక్షల్లో భర్తకు చేసే వీర్య పరీక్ష ముందుండాలి. అది చవకైనది, త్వరగా తేలేది. అయినా మన ఇళ్లలో ఏళ్ల తరబడి కోడలినే డాక్టర్ల చుట్టూ తిప్పి, కొడుకు పరీక్షను చివరికి వాయిదా వేస్తారు. నింద కూడా ఆమే మోస్తుంది. "ఇద్దరి రిపోర్టులూ తీసుకురండి" అని సొసైటీ ఒక్క మాట పెడితే ఆ అన్యాయం కొంత తగ్గుతుంది.

కొందరిలో థైరాయిడ్, కొందరిలో గర్భాశయ నాళాలకు సోకిన క్షయ వంటి కారణాలు బయటపడతాయి. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. కారణం తేలకుండా ఐవీఎఫ్‌కు డబ్బు ఇవ్వడం పునాది చూడకుండా మేడ కట్టడం లాంటిది.

సాయం కోరి వచ్చినవారిని ఈ నాలుగు విషయాలు అడగడం మేలు: ఇద్దరి వయసు ఎంత, ఇద్దరి పరీక్షలూ అయ్యాయా, పాత చికిత్సల డిశ్చార్జి సర్టిఫికెట్లు ఉన్నాయా, గాంధీలో ఒకసారైనా చూపించుకున్నారా. ప్రైవేటు కేంద్రమే ఎంచుకుంటే అది చట్టం కింద రిజిస్టరైందో లేదో నంబరుతో సహా సరిచూడాలి.

గాంధీలో చికిత్స ఉచితమైనా కూలి పోగొట్టుకుని పదేపదే వెళ్లిరావడం ఉచితం కాదు. స్కానింగుల కోసం, సూదుల కోసం వెంటవెంటనే వెళ్లవలసిన రోజులుంటాయి. ఆ రోజుల ప్రయాణ ఖర్చు, పోయిన కూలి మనం భరిస్తే మధ్యలో మానేసేవారు తగ్గుతారు. ఆసుపత్రి కౌంటరు దగ్గర తోడు నిలబడే ఒక వాలంటీరు కూడా విరాళంతో సమానమే.

ధర్మపరమైన సందేహాలకు ఒక మాట. భార్యాభర్తల అండం, వీర్యంతోనే జరిగే ఐవీఎఫ్‌ను 1980లో అల్‌అజ్‌హర్ ఫత్వా అనుమతించింది. మూడో వ్యక్తి నుంచి అండం గానీ వీర్యం గానీ తీసుకోవడాన్ని కాదంది. అందుకే సమ్మతి పత్రంలో దాత అండం, దాత వీర్యం అన్న గడులుంటే చదివి, అర్థం చేసుకున్నాకే సంతకం చేయాలి. పిండాన్ని గర్భంలో పెట్టేలోగా సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కును చట్టం ఇచ్చింది. ఈ ఖర్చుకు జకాత్ సొమ్ము వాడవచ్చా, సదఖా నుంచే ఇవ్వాలా అన్నది ఆలిములను అడిగి నిర్ణయించుకోవాలి.

సంతానం అల్లాహ్ ప్రసాదం. ఇబ్రాహీం, జకరియ్యా ప్రవక్తలు (అలైహిముస్సలాం) వృద్ధాప్యం దాకా దానికోసం ఎదురుచూశారు. ప్రయత్నం మన వంతు. ఆ ప్రయత్నం అప్పుల్లో మునగకుండా, సమయం మించిపోకుండా, సరైన తలుపు దగ్గరికి చేరేలా చూడటమే మన సాయానికి సార్థకత. ఈ సంవత్సరం మీరిచ్చే విరాళంలో కొంత భాగం ఈ మొదటి పరీక్షలకూ ప్రయాణ ఖర్చులకూ కేటాయించమని మనవి.