ఎండిన మానిలోని కాపురములు

మా తంబళ్లపల్లెలో, మా పెరటిగోడ కావల, మా మామగారి తాతలనాటి చింతమాను ఒకటి కలదు. దాని తల యెండి నాలుగేండ్లయినది. తూర్పుకొమ్మ యొక్కటి మాత్రము చిగిర్చి, ఏటేట మా పులుసునకు సరిపడ కాయలిచ్చుచున్నది. గడచిన మాఘమాసమున కట్టెలవ్యాపారి యొకడు వచ్చి, మాని చుట్టుకొలత చూచుకొని బేరము పెట్టెను. అదే సమయమున మా పెద్దమ్మాయి కళాశాలకు రెండవ విడత రుసుము కట్టవలసియుండెను. బడిపంతులుగారి జీతముతో నడచు సంసారమున చేతికి వచ్చు ధనమును కాదనుట యెట్లు? మావారు "నీ యిష్ట"మని పత్రిక చేతబట్టుకొనిరి. ఇట్టి సమయములందు పురుషులు మన యిష్టమును మిక్కిలి గౌరవింతురు.

మరునాడు గొడ్డలి వచ్చునను తలంపుతో ఆ సాయంకాలము మాను చెంతకు పోయి నిలిచితిమి. రామచిలుక యొకటి వచ్చి, ఎండుకొమ్మ మొదట నున్న తొర్రలో తలదూర్చి లోనికి జారిపోయెను. కొంతసేపటికి దానికి పైనున్న మరియొక తొర్రలోనుండి చిన్నగూబ ముఖము వెలుపల పెట్టి మావంక చూచెను. మేము చచ్చినదనుకొనిన మానిలో ఇన్ని కాపురములున్నవని యపుడు తెలిసినది.

చిన్ననాట మా తండ్రిగారు భారతము చదివించునపుడు ఆనుశాసనికపర్వమున విన్న చిలుక కథ జ్ఞప్తికి వచ్చెను. వేటకాని విషబాణము గురితప్పి మహావృక్షమునకు తగిలెను. ఆకులు రాలెను, ఫలములు పోయెను. దాని తొర్రలోని చిలుక మాత్రము చెట్టును వీడలేదు. ఇంద్రుడు బ్రాహ్మణవేషమున వచ్చి, అడవిలో పచ్చనిచెట్లెన్నియో యుండగా ఈ మోడును పట్టుకొని యుండనేల యని యడిగెను. చిలుక భక్తికి మెచ్చి, తుదకు చెట్టును మరల చిగిర్పించెను. భీష్ముడు ధర్మరాజునకు దీనిని దయాగుణము తెలుపుటకై చెప్పెను. మాకా సాయంకాలము మరియొక యర్థము తోచినది. పచ్చని లేతచెట్టున తొర్ర యుండదు. ఇక చిలుక యెక్కడికి పోవును?

తొర్ర యనునది ఒక్కనాట ఏర్పడునది కాదు. గాలికి కొమ్మ విరుగును. ఆ గాయమున వాననీరు నిలిచి బూజు పట్టును. లోని చేవ మెత్తబడును. చెదలును పురుగులును చేరును. వానికై వడ్రంగిపిట్ట వచ్చి తొలుచును. కంసాలిపిట్టయు ఎండుకొమ్మలోనే గూడు తొలుచుకొనును. వారు విడిచిన యిండ్లలో చిలుకలు, గోరువంకలు, గూబలు కాపురము పెట్టును. పెద్దతొర్ర యైనచో తేనెటీగలు పట్టు పెట్టును, ఉడుము దూరును. ఇదంతయు జరుగుటకు ఒక్కొక్కప్పుడు మనుష్యుని యాయువంత కాలము పట్టును. మొక్కలు నాటు ఉత్సవములు మంచివే; కాని నేడు నాటిన మొక్కలో చిలుకకు ఇల్లు దొరకుటకు మన మనుమల కాలము రావలెను.

ఇంకొక విశేషము. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట తెలంగాణము పాలపిట్టను తన పక్షిగా నిలుపుకొనెను. 2018లో ఆంధ్రప్రదేశము రామచిలుకను తన పక్షిగా ప్రకటించెను. ఈ రెండును తొర్రలలో గ్రుడ్లు పెట్టునవియే. చిలుక దొరకిన తొర్రను కొంత గీకి వెడల్పు చేసికొనును. పాలపిట్టకు తొలుచు ముక్కే లేదు. విజయదశమినాడు పాలపిట్ట దర్శనము శుభమని వెదకుదుము గాని, అది పిల్లలను పెంచిన మోడును మాత్రము పొయ్యిలో పెట్టుదుము.

మన యిండ్లమాట యట్లుండగా, అడవులను పాలించువారును చిరకాలము ఎండుమానును వ్యర్థపదార్థముగనే యెంచిరి. పనికిరాని చెట్టును తీసి, పెరుగుదానికి చోటిచ్చుటయే సేద్యమనుకొనిరి. 2000 సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, జాతీయోద్యానములలోను అభయారణ్యములలోను చచ్చిన, చచ్చుచున్న, గాలికి కూలిన చెట్లను గూడ తొలగింపరాదని యుత్తరువు చేసెను. కుప్పము, పలమనేరు ప్రాంతమున 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యమున ఏనుగులతోపాటు మోడులకును ఆ విధముగ రక్షణ కలిగినది. అభయారణ్యము కాని కొండలకు ఆ యుత్తరువు చెందదు. ఫిన్లాండు మొదలగు ఉత్తరదేశముల యడవులలోని జీవజాతులలో నాలుగవ వంతో అయిదవ వంతో చచ్చిన మానుల నాశ్రయించినవని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. అచ్చట కలపకై నరకునపుడు గూడ కొన్ని చెట్లను ముసలివై, కూలి, మట్టిలో కలియువరకు విడుచుచున్నారు.

మనకు దగ్గరనే, కదిరి ప్రాంతమున, తిమ్మమ్మ మర్రిమాను కలదు. సుమారు 5 ఎకరములు వ్యాపించిన యా వృక్షము 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కెను. ఊడలే మ్రాకులై దానిని మోయుచున్నవి. తిమ్మమ్మ సహగమనము చేసిన చోట అది మొలచినదని చెప్పుదురు. సహగమనమును మేము మెచ్చము. కాని ఆమె పేర భయభక్తులుండుటచే ఆకు త్రుంపుటకును జంకుదురు. దేవత దొరకిన మానునకు భయము లేదు. పేరులేని చింతమానునకు దిక్కెవరు?

వ్యాపారిని పంపివేసితిమి. రుసుమునకు మా గాజులజత మదనపల్లెలో తాకట్టు పెట్టితిమి, ఇంకను విడిపించలేదు. అంతకంటె కష్టమైన చిక్కు వేరొకటి వచ్చెను. కట్టెలేరు ముసలమ్మ యొకతె వచ్చి, "ఎండిపోయిన మాను గదమ్మా, నిలబెట్టుకొని ఏంజేస్తారు? మాకిచ్చినా నాలుగుదినాలు పొయ్యి మండుతుంది" అనెను. ఆమె యింట గ్యాసుబండ యున్నది. నింపుటకు డబ్బు లేదు. చిలుక కథ చెప్పుటకు మాకు నోరు రాలేదు. బాటమీదికి వ్రేలాడు కొమ్మలు ఎప్పుడైనను ఎవరి తలమీదనైనను పడవచ్చును గనుక, తొర్రలు లేని వానిని రెంటిని కొట్టించి ఆమెకిచ్చితిమి. మోదు నిలిచినది.

మా అత్తగారికి మాత్రము సమ్మతము కాలేదు. ఇంటిచెంత గూబ యుండుట అరిష్టమని వారి నమ్మకము. ఎలుకలను పట్టునని చెప్పితిమి, భారతము చదివి వినిపించితిమి. "చిలుక సంగతి వేరు, గూబ సంగతి వేరు" అనిరి. చైత్రమున గూబపిల్లలు రెండు తొర్ర యంచున కూర్చుండి తలలు త్రిప్పనారంభించినవి. ఇపుడు దీపము పెట్టినపిమ్మట మా అత్తగారు పెరటి తలుపు ఓరగా తెరచి, "నిన్న రెండు కనిపించె, ఈ దినము ఒకటే ఉందే?" యని మమ్ము పిలుచుచుందురు.