ఘాజియాబాద్ పెరట్లో సెలెరియాక్

ధనియాలు, వాము, క్యారెట్ ఉన్న ఏపియేసీ కుటుంబానికే సెలెరియాక్ కూడా చెందుతుంది. కాడల కోసం పెంచే సెలెరీ, ఇదీ ఒకే జాతి మొక్కలు. అయితే దీనిలో కాండం అడుగు భాగం, వేరు మొదలు కలిసి ఊరి గుండ్రని దుంప అవుతుంది. సెలెరీని పంజాబ్‌లోని అమృత్‌సర్ ప్రాంతంలో విత్తనాల కోసం ఏళ్లుగా పండిస్తున్నారు. కాబట్టి ఉత్తరాది రబీ వాతావరణం ఈ జాతికి కొత్త కాదు. కానీ విత్తనం కోసం పండించడం వేరు, దుంప కోసం పెంచడం వేరు. మొదటిదానికి పూత కావాలి, రెండోదానికి పూత రాకూడదు.

ఘాజియాబాద్‌లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. నారు ఎదగడానికి సుమారు రెండు నెలలు, నాటాక దుంప ఊరడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. ఇది రెండేళ్ల జీవితం గల మొక్క. కాస్త ఎదిగాక 10 డిగ్రీల లోపు చలి రోజుల తరబడి సోకితే పూతకు సిద్ధమవుతుంది. ఇక్కడి జనవరి రాత్రులు ఆ హద్దు కిందికే దిగుతాయి. మార్చిలో పగలు పెరిగి ఎండ ముదరగానే పూకాడ లేస్తుంది, దుంప పీచెక్కుతుంది. అందుకే మిగతా రబీ కూరగాయలతో పాటు అక్టోబరులో విత్తితే ఆలస్యమైనట్టే. ఆగస్టు మధ్యలో నారు పోసి, అక్టోబరు మధ్యలో నాటుకోవడం మేలని నా అభిప్రాయం.

ఆగస్టు వేడిలో మొలక రావడం కష్టమే. విత్తనాలు ఎంత సన్ననివంటే, ఒక్క గ్రాములో రెండు వేలకు పైగా ఉంటాయి. మొలకెత్తడానికి వాటికి వెలుతురు కావాలి. అందుకే తడి కోకోపీట్ మీద చల్లి, వేలితో మెల్లగా అదిమి వదిలేయాలి, పైన మట్టి కప్పకూడదు. 25 డిగ్రీలు దాటితే మొలక మందగిస్తుంది కనుక ట్రేను ఏసీ గదిలో కిటికీ పక్కన ఉంచండి. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

నాటేటప్పుడు మొక్కకు మొక్కకు అడుగు దూరం ఉండాలి. మొవ్వు మట్టిలో కూరుకుపోకూడదు. దీని పూర్వీకులు చిత్తడి నేలల మొక్కలు. ఒక్కసారి మడి ఎండిపోయినా దుంప ఎదుగుదల కుంటుపడుతుంది. బాగా చివికిన పశువుల ఎరువు వేసి, పైన ఎండుగడ్డి పరచాలి. ఇక్కడి ఒండ్రు నేలలు చాలాచోట్ల క్షార స్వభావం గలవి. అలాంటి నేలలో బోరాన్ మొక్కకు సరిగా అందదు. అప్పుడు పైకి బాగానే కనిపించే దుంపను కోసి చూస్తే మధ్యలో గోధుమరంగు చారలు, బోలు కనిపిస్తాయి. చదరపు మీటరుకు ఒక గ్రాము బోరాక్స్ నీళ్లలో కలిపి పోస్తే చాలు, మోతాదు మించితే అదే విషం. హిండన్ నది నీళ్లు మాత్రం వాడకండి. పరిశ్రమల వ్యర్థాలు కలిసిన ఆ నీరు దుంప కూరలకు తగదు.

దుంప ఇంకా పెద్దదవుతుందని మార్చి దాకా ఆగకండి. పిడికిలంత ఉన్నా సరే, ఫిబ్రవరి చివరికల్లా తవ్వి తీయండి. ఆకులు కోసి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి నిలవ ఉంటుంది.